పెరుగు మేడమ్ వెనక్కి తీసుకున్న పేపరు

పెరుగు మేడమ్ పోయిందని ఒక మంగళవారం పొద్దున తెలిసింది. నల్లా కింద పాల క్యాన్లు కడుగుతుంటే ఫోను మోగింది. ఆమె దగ్గర పరిశోధన చేసిన అమ్మాయి. "బాపూ, మేడమ్ పోయింది" అంది. నేను "ఆఁ" అన్నాను. అటు ఆ అమ్మాయి ఏడుస్తోంది. ఇటు నల్లా పోతూనే ఉంది. ఫోను పెట్టేసి, కడిగిన క్యాన్లనే మళ్లీ కడిగాను.

ఆ రోజు కాలు ఒకచోట నిలవలేదు. కొట్టంలోకి పోయి బర్రెకు గడ్డి వేశాను. ఇవతలికి వచ్చి, వేసింది మర్చిపోయి మళ్లీ వేశాను. మా గౌలిపుర నుంచి ఛత్రినాకలో వాళ్ల ఇంటికి నడిచే పోవచ్చు. సగం దాకా పోయి వెనక్కి వచ్చాను. మళ్లీ బయలుదేరాను. వాళ్ల స్టీలు సామాన్ల దుకాణం షట్టరు సగం దించి ఉంది. లోపల బిందెలన్నీ బోర్లించి పెట్టి ఉన్నాయి. ఆమెను చూశాను. పక్కన నిలబడ్డాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వచ్చేశాను.

అప్పటి నుంచి ఆ తిరుగుడు ఆగలేదు. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆమె చిన్నప్పుడు స్కూలు గౌనులోనే పాల డబ్బా పట్టుకుని మా ఇంటికి వచ్చేది. పెద్దయ్యాక సిటీకి అవతల ఒక పెద్ద ల్యాబ్‌లో సైంటిస్టు అయింది. నేను మేడమ్ అంటే ఒప్పుకునేది కాదు. "నేను మేడమ్ ఏంది కాకా, నీ దగ్గర పాలు పోయించుకున్నదాన్ని" అనేది. అయినా పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. పెరుగు మీద పరిశోధన చేస్తుందని గల్లీ మొత్తం పెరుగు మేడమ్ అని పిలిచేది. ఆ పేరుకు ఆమె నవ్వేది.

ఆమె పని ఏమిటో నాకు ఒకసారి చెప్పింది. "పెరుగుల కండ్లకు కనవడని జీవులుంటయ్ కాకా. వాటి లోపల ఒక రాత ఉంటది. తల్లి నుంచి బిడ్డకు నకలు అయితది. నకలు తీసేటప్పుడు ఒక్కో అక్షరం అటిటైతది. నేను ఆ అక్షరాలు చదువుత." నేను ఐదో తరగతి దాకా ఊరి బడిలో చదివినవాణ్ని. నకలు తీసేటప్పుడు అక్షరం తప్పడమంటే ఏమిటో నాకు బాగా తెలుసు. ఆ మాట అంటే ఆమె పడీపడీ నవ్వింది.

పదకొండో రోజు దాటాక ల్యాబ్‌లో సంతాప సభ పెట్టారు. నన్నూ పిలిచారు. వెనక వరుసలో గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఒక పెద్ద సారు మాట్లాడాడు. ఒకరు రాసిన పేపరును ఇంకొకరు తమ పేపరులో పేరు పెట్టి చెప్పుకోవడాన్ని సైటేషన్ అంటారట. అవి ఎన్ని ఎక్కువ వస్తే ఆ పని అంత గట్టిదని లెక్క. మేడమ్ పేపర్లలో అన్నింటికంటే ఎక్కువ సైటేషన్లు వచ్చింది ఇదీ అని గోడ మీద పెద్దగా చూపించాడు. ఇంగ్లీషు నాకు రాదు. కానీ అందులో గౌలిపుర అన్న మాట ఎక్కడుంటుందో తెలుసు. మేడమ్ ఒకప్పుడు వేలు పెట్టి చూపించింది. హాలంతా చప్పట్లు కొట్టారు.

అది ఆమె వెనక్కి తీసుకున్న పేపరు. అందులో ఉన్నది తప్పని తనే అచ్చువేయించింది. చివరి ఏళ్లలో ఆ పేపరును నమ్మినవాళ్లకు నమ్మవద్దని ఉత్తరాలు రాస్తూనే ఉంది. ఆ తప్పు పుట్టింది మా ఇంట్లో. లేచి చెబుదామని సగం లేచాను. ముందు వరుసలో ఎవరో వెనక్కి తిరిగి చూశారు. కూర్చున్నాను.

గేటు దగ్గర ఆ అమ్మాయి కనిపించింది.

"ఏందమ్మా, గా పేపరు సూపెట్టిండు?" అన్నాను.

"సారు వేరే పని చేస్తడు బాపూ, ఎర్కలేదు. కంప్యూటర్ల లిస్టు తీసిండు, మొదటిది పెట్టిండు. నాకైతే పానం కొట్టుకున్నది."

"మరి నువ్వు చెప్పకపోయినవా?"

"నువ్వు చెప్పకపోయినవా?"

ఇద్దరం నేల చూశాం. తనే మళ్లీ అంది. "మేడమ్ యాదిల ఒక పుస్తకం వేస్తున్నం. నువ్వు రాయి. జరిగింది జరిగినట్టు రాయి."

"నాది ఐదో తరగతమ్మా."

"పెరుగు గురించి రాసేటందుకు పీహెచ్‌డీ కావాల్నా బాపూ?"

మంచిదన్నాను. కానీ రాయడానికి కూర్చుంటే చెయ్యి కదలలేదు. ఇది రాస్తే మా ఆమె గుట్టు బయటపెట్టినట్టు. ఆమె పోయి చాలా ఏళ్లయింది. చెప్పనని ఆమె మీద ఒట్టు వేశాను. రాయకపోతే మా ఇంటి తప్పు మేడమ్ నెత్తి మీదే ఉండిపోతుంది. ఇన్ని రోజులూ ఈ రెండింటి మధ్య తిరిగాను.

జరిగింది ఇది.

మా ఇంట్లో పెరుగుకు వేసే తోడు మా అమ్మ ఊరి నుంచి తెచ్చింది. ఏ రోజుకారోజు కొంచెం పెరుగు మిగిల్చి, మరుసటి రోజు పాలలో వేయడం. అమ్మ తర్వాత మా ఆమె. ఎప్పుడూ తెగలేదు. మేడమ్‌కు కావలసింది అదే. ఒకే ఇంట్లో, ఒకే కుండలో ఏళ్లకేళ్లు బతికిన జీవుల రాత ఎట్లా మారుతుందో చూడాలని. నెలకు ఒకసారి, మొదటి ఆదివారం, ఐసు డబ్బా పట్టుకుని వచ్చేది. చిన్న దీపం వెలిగించి చెంచాను ఎర్రగా కాల్చేది. చల్లారాక పెరుగు తీసి సీసాలో పెట్టి, మూత మీద తారీకు రాసేది.

మొదటిసారి చెంచా కాలుస్తుంటే మా ఆమె నడుము మీద చెయ్యి పెట్టుకుంది. "ఏం బిడ్డా, మా పెరుగుకు మైల తగుల్తదా?"

"మీ పెరుగుకు కాదు చిన్నమ్మా, నా చెంచకే మైల."

"గట్లనా. మరి గిన్ని చదువులు చదివి గింత పెరుగే తీస్కపోతవేంది? గిన్నె నిండ పెడ్త, అన్నంల కలుపుకో."

మేడమ్ గిన్నె కూడా తీసుకుపోయేది. ఒకటి ల్యాబ్‌కు, ఒకటి ఇంటికి. పదేళ్లకు పైగా అట్లా వచ్చింది. వచ్చినప్పుడల్లా మా ఆమెను మెచ్చుకునేది. "చిన్నమ్మా, నీ తోడు లెక్క హైదరాబాదుల ఏడ లేదు." ఆ మాట మా ఆమె గల్లీ అంతా చెప్పుకునేది.

ఒక ఎండాకాలం ఆ పెరుగు తోడుకోలేదు. ఒక రోజు, రెండు రోజులు, మూడు రోజులు. పాలు గట్టిపడక నీళ్లలా ఉండిపోయాయి. మా ఆమె ముందు గడ్డిని తిట్టింది. తర్వాత బర్రెను తిట్టింది. ఆ తర్వాత కుండకు దిష్టి తీసింది. మూడో రోజు శనివారం. తెల్లారితే మేడమ్ వచ్చే ఆదివారం.

"ఏం ముఖం సూపెట్టాలె బిడ్డకు?" అని కుండ ముందు కూలబడింది.

"లేదని చెప్దాం" అన్నాను.

"పాలోళ్లింట్ల తోడు సచ్చిందంటవా? పక్కపొంటి వాళ్లు నవ్వరా?"

చుట్టుపక్కల ఇళ్లలో అడగడానికి వీల్లేదు. అప్పటికే దీపాలు పెట్టారు. దీపం పెట్టాక మా వాళ్లెవరూ తోడు గడప దాటించరు. ఇచ్చినా, పొద్దున్నకల్లా గల్లీ అంతా తెలుస్తుంది. ఎదురింట్లో మాత్రం ఖాలా ఉంది. ఖాలా అంటే పిన్ని, గల్లీలో అందరికీ ఆమె ఖాలానే. అద్దాల గాజులు చేసే ఇల్లు. వాళ్లకు ఆ దీపం పట్టింపు లేదు. మా ఆమె గిన్నెను కొంగు కింద దాచుకుని గల్లీ దాటింది. కొంగు కిందే తెచ్చింది. ఖాలా పెరుగు పాలలో కలిపి మూత పెట్టి, నా చెయ్యి తీసి తన నెత్తి మీద పెట్టుకుంది.

"నా మీద ఒట్టు. మేడమ్‌కు చెప్పొద్దు."

పెరుగు పెరుగే కదా, దీంట్లో ఏముంది అనుకున్నాను. ఒట్టు వేశాను. పొద్దున పెరుగు రాయిలా గట్టిగా ఉంది. మేడమ్ వచ్చింది. చెంచా కాల్చింది. తీసుకుపోయింది.

తర్వాత ఎప్పుడో ఒకరోజు స్వీటు డబ్బాతో వచ్చింది. అచ్చయిన పేపరు చూపించింది. గౌలిపుర ఎక్కడుందో వేలు పెట్టింది. మనకు జబ్బులు వచ్చినట్టే పెరుగులోని జీవులకూ వస్తాయట, వాటిని చంపే వైరసులు వేరే ఉంటాయట. మా కుండలోని జీవులు ఒక్క ఎండాకాలంలో ఆ వైరసుకు లొంగని రాతను తమంతట తామే సంపాదించాయని తేలిందట. ఇంత తొందరగా జరుగుతుందని ఎవరూ అనుకోలేదట.

"ఏ ఎండాకాలం?" అన్నాను.

చెప్పింది. అదే.

మా ఆమె నా ముఖం చూడలేదు. స్వీటు డబ్బా తీసుకుని లోపలికి పోయింది. నేను కొట్టంలోకి పోయాను. అప్పుడైనా చెప్పవలసింది. చెప్పలేదు. ఒట్టు ఉందని అనుకున్నాను. అది సగమే నిజం. నాకు నోరు లేదు. అది మిగతా సగం. ఆ పేపరుకు పేరొచ్చింది. దేశదేశాల వాళ్లు దాన్ని తమ పేపర్లలో చెప్పుకున్నారు. అట్లా చెప్పుకున్నారని తెలిసిన ప్రతిసారీ మేడమ్ మాకు చెప్పేది. ప్రతిసారీ నేను లేచి కొట్టంలోకి పోయేవాణ్ని.

ఏళ్లు గడిచాయి. మా ఆమె పోయింది. కుండ నేను చూసుకుంటున్నాను. ఒక ఆదివారం మేడమ్ ఐసు డబ్బా లేకుండా వచ్చింది. మంచం మీద కూర్చుంది, లేచింది, మళ్లీ కూర్చుంది. ఎప్పుడూ అట్లా చూడలేదు.

"కాకా, బయటిదేశాల వాళ్లు మస్తు కుండలు పెట్టి చూస్తున్నరట. మన కుండల అయినట్టు వాళ్లకు ఒక్కదాంట్ల గూడ అయితలేదు. నేను నాలుగు నెలల సంది అవ్వే అక్షరాలు చదువుతున్న. ఆ ఎండాకాలానికి ముందల ఒక వంశం, ఎనక ఒక వంశం. బిడ్డ తల్లి లెక్క లేదు కాకా. ఆ ఎండాకాలం ఏమన్న అయిందా?"

బర్రె తోక కొట్టుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. నేను రెండే మాటలు అన్నాను.

"తోడు మారింది."

తిడుతుందని ఎదురుచూశాను. ఏడుస్తుందేమో అని కూడా అనుకున్నాను. ఆమె అడిగింది ఒకటే. "ఎవరింటిది?"

ఎదురింటి వైపు చూపించాను. చెప్పులు వేసుకోకుండానే గల్లీ దాటింది. వెనకే పోయాను. ఖాలా గడపలో కూర్చుని గాజులకు అద్దాలు అతికిస్తోంది.

"ఖాలా, గప్పట్ల చిన్నమ్మకు పెరుగిచ్చినవా?"

"జామన్ ఇచ్చిన బేటీ, మీరు తోడంటరు గద. మా అమ్మీ బహదూర్‌పుర నుంచి తెచ్చిన జామన్. పాలోళ్లే మా ఇంటికొచ్చి అడిగిన్రు, దేఖో!" అని, నన్ను చూసి ఆగింది. "అరె భాయ్, ఇంక చెప్పొచ్చా? చెప్పనని భాభీకి నేను గూడ జబాన్ ఇచ్చిన."

మేడమ్ అప్పుడు నవ్వింది. కళ్లల్లో నీళ్లు పెట్టుకునే నవ్వింది. ఖాలా ఇంటి పెరుగు తీసుకుపోయి చదివింది. అక్షరం అక్షరం కలిసింది. మా కుండలోని జీవులు ఏ రాతా కొత్తగా సంపాదించలేదు. అవి ఆ వైరసుతోనే చచ్చిపోయాయి. బతికినవి ఎదురింటివి.

నేను క్షమించమని అడగడానికి పోయాను. ఆమె నన్ను పూర్తిగా అడగనివ్వలేదు.

"నీ తప్పు గాదు కాకా. గిన్నేండ్లు నీ ఇంటికొచ్చిన. చెంచ కాల్చిన, సీస కాల్చిన, తారీకు రాసిన. తోడు ఏడికెళ్లి వచ్చిందని ఒక్కపారి అడగలే. అడగకపోవుడు నా తప్పు."

పేపరు వెనక్కి తీసుకుంటూ అదే రాసింది. ఇంట్లో తోడు మారింది, నేను అడిగి తెలుసుకోలేదు, తప్పు నాది అని. మా ఆమె దాచిందని గానీ, నేను తెలిసి ఊరుకున్నానని గానీ ఒక్క ముక్క లేదు. ఆ అమ్మాయి నాకు చదివి తెలుగులో చెప్పింది. తోటివాళ్లు చిన్న సవరణ వేస్తే చాలదా అన్నారట. మేడమ్ ఒప్పుకోలేదట.

తర్వాత ఇంకొక పేపరు రాసింది. గల్లీలో తోడు ఇంటింటికీ చేతులు మారుతుంది కాబట్టే, ఒక ఇంట్లో చచ్చినా ఇంకొక ఇంట్లో బతుకుతుందని. అది చిన్న పేపరు. దాన్ని చెప్పుకున్నవాళ్లను చేతి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. "మరి దీన్ని ఎవ్వరు చెప్పుకుంటలేరేంది?" అని ఒకసారి అడిగాను. "ఇది నిజం కాకా. నిదానంగ పోతది" అంది.

వెనక్కి తీసుకున్నది మాత్రం ఆగలేదు. ఎవరో ఒకరు పాత లిస్టులో చూసి మళ్లీ చెప్పుకునేవారు. ఎవరైనా చెప్పుకుంటే ఆమె ఫోనుకు కబురు వచ్చేది. మా అరుగు మీద కూర్చుని ఉండగానే వచ్చేది. "ఇగో, మళ్లొకరు" అని కళ్లద్దాలు పెట్టుకునేది. అక్కడే వాళ్లకు ఉత్తరం రాసేది. అయ్యా, అది తప్పు, నేనే వెనక్కి తీసుకున్నాను, దయచేసి చూడండి అని. కొందరు జవాబు ఇచ్చేవారు. చాలామంది ఇచ్చేవారు కాదు.

"ఇడిసిపెట్టరాదమ్మా" అన్నాను ఒకసారి.

"పాలల్ల పడ్డ తోడును మళ్ల తీయొస్తదా కాకా? వాళ్ల పాలల్ల పడ్డది. కనీసం చెప్పాలె గద."

ఆ రోజే మా వంటింటి గోడకు మేకు కొట్టి, దారం కట్టిన నోటుబుక్కు వేలాడదీసింది. తోడు మారితే, కుండ మారితే, పాలు మారితే, అందులో రాయాలి. "నువ్వు మాట్లాడవు, నాకెర్క. రాయి" అంది. నా అక్షరాలు వంకరగా ఉంటాయి. మేడమ్ వచ్చిన ప్రతి ఆదివారం ముందు బుక్కు చదివి, తర్వాత చెంచా కాల్చేది.

జబ్బు పడ్డాక రావడం తగ్గింది. చివరిసారి ఆటోలో వచ్చింది. అరుగు ఎక్కలేకపోయింది. నేనే బుక్కు ఆటో దగ్గరికి తీసుకుపోయాను. చదివి, "నేను పోయినంక గా ఉత్తరాలు ఎవరు రాస్తరో" అంది. నన్ను అడిగినట్టు లేదు. ఎవరినీ అడిగినట్టు లేదు. ఆటో మలుపు తిరిగే దాకా బుక్కు పట్టుకుని నిలబడ్డాను.

నిన్న నా వల్ల ఒక పని జరిగింది. మనసు ఎక్కడో ఉండి, మరిగే పాలలోనే తోడు వేశాను. తెల్లారి చూస్తే పాలు పాలలాగే ఉన్నాయి. తోడు చచ్చింది. మిగిల్చినదీ లేదు.

గిన్నె కడిగాను. ఎండ గల్లీ నిండా ఉంది. ఇళ్ల ముందు మనుషులు కూర్చుని ఉన్నారు. గిన్నెను చేతిలో పైకే పట్టుకుని గల్లీ దాటాను. ఒకాయన "ఏం కాకా, పాలోళ్లకే పెరుగు లేదా?" అని అరిచాడు. "లేదు" అన్నాను.

ఖాలాకు ఇప్పుడు చూపు ఆనదు. గిన్నె తడిమి నవ్వింది. నేను రాయబోయేది చెప్పాను. మా ఆమె సంగతి, ఒట్టు సంగతి, అన్నీ రాస్తానన్నాను.

"భాభీ కోప్పడ్తది" అంది.

"కోపం చెయ్యనీ."

"రాయ్ భాయ్. పేపర్‌ల మేడమ్ ఒక్కతే తిట్లు తినుడు ఇన్సాఫ్ కాదు. మగర్ నా జామన్ మస్తు గట్టిదని గూడ రాయ్, మర్చిపోకు."

రాశాను, ఖాలా.

చదివేవాళ్లకు నేను చెప్పుకునేది ఒకటే. గౌలిపుర పేరున్న ఆ పెద్ద పేపరును ఎవరూ చెప్పుకోకండి. చెప్పుకునే వాళ్లు కనిపిస్తే ఆపండి. దాంట్లో తప్పు మా ఇంటిది. దాచింది మా ఆమె, తెలిసి ఊరుకున్నది నేను. వెనక్కి తీసుకున్నది మాత్రం మేడమ్. ఆమెను చెప్పుకోవాలంటే ఆ చిన్న పేపరు చెప్పుకోండి.

రేపు మొదటి ఆదివారం. ఐసు డబ్బా పట్టుకుని ఆ అమ్మాయి వస్తానంది. బుక్కులో రాశాను. తోడు మారింది, ఎదురింటి ఖాలా ఇచ్చింది, పట్టపగలు. కింద నా పేరు కూడా రాశాను, అడగకపోయినా.

పాలు ఈసారి గోరువెచ్చగా చల్లారనిచ్చి తోడు వేశాను. ఇప్పటికి వంటింట్లోకి నాలుగుసార్లు పోయి వచ్చాను. మేడమ్ అనేది, మూత తీసి చూడొద్దు కాకా, కదిలిస్తే తోడుకోదు అని. ఐదోసారి పోయాను. చేతులు వెనక్కి కట్టుకుని కుండ ముందు నిలబడ్డాను.